పద్నాలుగు పచ్చ గుర్తులు

మొదట కొట్టింది నేనే. తర్వాత ఎవరెవరు ఎన్నేసి దెబ్బలు వేశారో నాకు తెలియదు గాని, ఎలక్ట్రీషియన్ ముందుపన్ను ఊడింది మాత్రం నా పిడికిలికే. నా వేళ్ళ కణుపులు కూడా చిట్లాయి. నాకు ముక్కు మీద కోపమని మా అక్క చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. నిజమే. కోపం వస్తే నాకు ముందూ వెనకా కనబడదు, ఎదురుగా ఉన్న ముఖం ఒక్కటే కనబడుతుంది.

ఊరికే కొట్టలేదు. అంతకు అరగంట ముందు, పొద్దున పది దాటాక, మా బావ కుడిచెయ్యి పన్నెండో నంబరు ప్రెస్ కింద పడింది. బావ అంటే మా అక్క మొగుడు. పదకొండేళ్ళుగా ఆ మిషన్ మీదే పని. కారు తలుపులకు రేకులు ఒత్తే ప్రెస్ అది. కాలితో పెడల్ తొక్కితే పైనుంచి ఇనుప దిమ్మె దిగుతుంది, కింద పరిచిన రేకు తలుపు ఆకారంలోకి వంగుతుంది. దిమ్మె దిగే దారికి ముందు కంటికి కనబడని వెలుతురు గీతలుంటాయి. చెయ్యి ఆ గీతలు దాటిందంటే సెన్సర్ పసిగడుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది, దిమ్మె ఎక్కడిదక్కడ ఆగాలి. ఆ నమ్మకంతోనే బావ పెడల్ తొక్కాక పక్కకి జారిన రేకును సర్దబోయాడు. దిమ్మె ఆగలేదు.

ఆ అరుపు పై గదిలో ఉన్న నాకు అద్దాలు మూసి ఉన్నా వినబడింది. నేను కిందికి వచ్చేసరికి నలుగురు కలిసి దిమ్మెను పైకి లేపుతున్నారు. లేచాక కింద కనబడినదాన్ని నేను చెయ్యి అనలేను. రేకుకు అతుక్కుపోయింది. బావ నన్ను చూసి "ఒరేయ్, మీ అక్కకి చెప్పకురా, నేనే చెప్తా" అన్నాడు, ఆ వెంటనే కళ్ళు తేలేశాడు. అంబులెన్సు వచ్చింది, సూపర్‌వైజర్ దాంట్లోకి ఎక్కుతూ కూడా వెనక్కి తిరిగి అరిచాడు: "పన్నెండింటికి లారీ వస్తుంది! అటు వరస ఆపకండి!" మనిషి చెయ్యి పోతే ఆయనకి లారీ గుర్తొచ్చింది. ఆయన నోట్లో మన్నుపడ!

మా షెడ్డులో పద్నాలుగు ప్రెస్‌లు, రెండు వరసలు. ఒకటి నుంచి ఏడు దాకా అటు, ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా ఇటు. మధ్యలో రేకుల కట్టలు మనిషెత్తున పేర్చి ఉంటాయి. ఇటువరస ఆగిపోయింది, జనమంతా పన్నెండు చుట్టూ చేరారు. అటువరస మాత్రం దడదడా నడుస్తూనే ఉంది.

ఎలక్ట్రీషియన్ అప్పుడే పనిసంచి భుజాన వేసుకుని పరుగున వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. మొన్న సెలవు రోజున పద్నాలుగు ప్రెస్‌లకూ పాత సెన్సర్లు పీకి కొత్తవి బిగించింది అతనే.

"ఏ వైరు వదిలేశావు?" అన్నాను.

"వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి తమ్ముడూ. మొదటి మూడింటికీ కర్ర పెట్టి చూశా, టక్కున ఆగాయి. ఇంతలో సూపర్‌వైజర్ వచ్చి టైము లేదు, కానీ కానీ అన్నాడు. మిగతావాటికి నీ కాగితం చూసి..."

"చూసి?"

"వదిలేశా."

అంతే, కొట్టాను. వదిలేశా అన్న మాట అతని నోట్లో ఉండగానే కొట్టాను. రేకుల కట్టకు వీపు తగిలి పడ్డాడు. లేవనివ్వకుండా కడుపులో తన్నాను. అతను చేతులు అడ్డం పెట్టుకున్నాడే గాని తిరగబడలేదు, దాంతో నాకు ఒళ్ళు ఇంకా మండింది.

నా కాగితం సంగతి చెప్పాలి. కింద అందరూ నన్ను పైవాడు అంటారు. దేవుడని కాదు, మెట్లెక్కి ఆ అద్దాల గదిలో కూర్చుంటానని. ప్రతి ప్రెస్‌కూ ఒక కంప్యూటర్ పెట్టె ఉంటుంది. సెన్సర్ ఏం చెబితే దిమ్మె ఏం చెయ్యాలో చూసుకునే ప్రోగ్రాం దాంట్లో ఉంటుంది. ఆ ప్రోగ్రాముల్ని పై గదిలోంచి పద్నాలుగు పెట్టెలకూ పంపడం నా పని. పంపడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి మేం పెట్టుకున్న పేరు బంట్రోతు. ఇచ్చిన ఫైలు పట్టుకుని మిషన్ మిషన్‌కూ తిరుగుతుంది, అక్కడున్నది పాత వెర్షన్ అయితే కొత్తది వేసి వస్తుంది. కొత్త సెన్సర్ల మాట వినాలంటే ఆ ప్రోగ్రాం, మేం గార్డు అనేది, ఐదో వెర్షన్ ఉండాలి. సెలవుకు ముందురోజే పంపాను. తెరమీద పద్నాలుగు పచ్చ గుర్తులు వచ్చాయి. కాగితం తీసి, కింద సంతకం పెట్టి, ఎలక్ట్రీషియన్ చేతికిచ్చాను. నా పని నిక్కచ్చిగా అయిపోయింది. కాబట్టి తప్పు అతనిదే. నేను ఆలోచించింది ఇంతే, దీనికి మించి ఒక్క ముక్క ఎక్కువ ఆలోచించలేదు.

ఇంతలో బండోడు వచ్చాడు. బావకి తమ్ముడు, అంటే అక్కకి మరిది. లోడింగులో పని, రెండు చేతులతో రెండు రేకుల కట్టలు ఎత్తగలడు. అన్నను అంబులెన్సు ఎక్కించి వచ్చాడేమో, చొక్కా ముందంతా రక్తం. ఎవరో "వీడే, చూడకుండా వదిలేశాడంట" అన్నారు. బండోడు నన్ను పక్కకి నెట్టి, ఎలక్ట్రీషియన్ని జుట్టు పట్టుకుని లేపి, అతని తలను ప్రెస్ ఇనుప స్తంభానికేసి కొట్టాడు. ఒకసారి కాదు.

"చెప్పు! మా అన్న చెయ్యి ఏది? చెప్పరా!"

"బాబూ... సెన్సర్ పనిచేస్తోంది బాబూ. కర్ర పెట్టి చూడండి. నా తప్పైతే నరకండి."

ఒకడు చీపురు కర్ర తెచ్చాడు. దిమ్మె కింద అడ్డంగా పెట్టి, ఇంకొకడు పెడల్ తొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. దిమ్మె మాత్రం దబ్బున దిగి కర్రను నుజ్జు చేసింది. ఒక పేడు ఎగిరొచ్చి నా చెంపకు గీసుకుంది.

"అబద్ధాలకోరు వెధవా!" అంటూ జనం ఒక్కసారిగా మీద పడ్డారు. చెప్పులతో కొట్టారు, స్పానర్‌తో మోకాలి మీద కొట్టారు. కట్టలు కట్టే ప్లాస్టిక్ పట్టీతో కాళ్ళు బిగించారు. అతను నోట్లో రక్తంతోనే నావైపు తిరిగి ఒకటే మాట అంటున్నాడు. "దీపం చూశావా తమ్ముడూ? దీపం వెలిగింది. నువ్వు చదువుకున్నోడివి. దీపం వెలిగింది చూడు."

చూశాను. వైరు తెగి ఉంటే దీపం వెలగదు. దీపం వెలిగిందంటే సెన్సర్ చూసింది, చూసిన సంగతి పెట్టెకు చెప్పింది. విని కూడా దిమ్మెను ఆపనిది పెట్టె. పెట్టెలోని ప్రోగ్రాం నాది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడ్డాను. పచ్చ గుర్తు వచ్చిందిగా, సంతకం పెట్టానుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బండోడు అప్పటికే తీర్పు చెప్పేశాడు. "చెయ్యికి చెయ్యి. వీడి చెయ్యి కూడా ఇక్కడే పోవాలి, ఇదే ప్రెస్ కింద."

వద్దని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నిజం చెప్పాలంటే లోపల ఎక్కడో, కానీరా, పోనీ అనే అనుకున్నాను. కాని ఆ దీపం కంట్లో నలుసైపోయింది.

"ఆగరా," అన్నాను బండోడితో. "పైకెళ్ళి రికార్డు తీసుకొస్తా. నా వైపు అంతా సరిగ్గా ఉన్నట్టు అందులో ఉంటుంది. ముందు అందరి ఎదురుగా ఒప్పుకోనీ."

"ఐదు నిమిషాలు," అన్నాడు బండోడు. "ఆ తర్వాత నువ్వొచ్చినా రాకపోయినా పెడల్ తొక్కుతా."

మెట్లు రెండేసి ఎక్కాను. పిడికిలి నుంచి కారిన రక్తం మౌస్‌కు అంటుకుంది. తెర మీద ఆ పద్నాలుగు పచ్చ గుర్తులు అలాగే ఉన్నాయి, ఏమీ ఎరగనట్టు. పన్నెండో మిషన్ మీద నొక్కి వివరాలు తెరిచాను. ఫైలు పంపిన రోజు ఈ పని చెయ్యలేదు. పచ్చగా ఉన్నదాన్ని ఎవరు తెరిచి చూస్తారు?

"కొత్త ఫైలు వెర్షన్: 5. మిషన్‌లో ఉన్న వెర్షన్: 12. ఉన్నదే కొత్తది. వెయ్యనవసరం లేదు."

పన్నెండా? పన్నెండో వెర్షన్ ఈ భూమ్మీదే లేదు. ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళే ఐదు దాకా వచ్చారు. పదకొండో మిషన్ తెరిచాను. ఉన్న వెర్షన్ 11. తొమ్మిది తెరిస్తే 9. కింద కొడుతున్న శబ్దం, ఎవరో నవ్వుతున్న శబ్దం వినబడుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. మా షెడ్డులో ప్రతి వస్తువుకూ ముందు మిషన్ నంబరు రాసుకోవడం అలవాటు. స్టూలు మీద 12, చేతి తొడుగుల మీద 12, నీళ్ళ సీసా మీద 12. ఎవరి వస్తువు వాళ్ళ దగ్గరే ఉండాలని. నాలుగు నెలల కింద పెట్టెల్లో పాతదంతా తుడిచేసి నాలుగో వెర్షన్ వేసేటప్పుడు ఒక్కో ప్రెస్‌కు ఒక్కో రకం ఒత్తిడి పెట్టాలి కాబట్టి పద్నాలుగు ఫైళ్ళు వచ్చాయి. బావ పైకి వచ్చి నా భుజం మీద చెయ్యేసి, తెర చూసి, "ఇన్నిట్లో మాది ఏదిరా? ముందు మా నంబరు వెయ్యి, మాక్కూడా తెలియాలి కదా" అన్నాడు. నవ్వుతూ వేశాను. "12-ప్రెస్-గార్డు-4". అలా పద్నాలుగూ. ఏం పోయింది, మంచి పనేగా అనుకున్నాను.

బంట్రోతు కవరు విప్పి చూసే రకం కాదు. ఫైలు పేరు చూస్తుంది. పేరులో ముందు ఏ అంకె కనబడితే అదే వెర్షన్ అని రాసుకుంటుంది. పన్నెండో మిషన్ దగ్గర పన్నెండు అని రాసుకుంది. నాలుగు నెలల తర్వాత నేను అందరికీ ఒకటే ఫైలు "ప్రెస్-గార్డు-5" ఇచ్చి పంపితే, పన్నెండు ఉన్నచోట ఐదెందుకని తిరిగొచ్చేసింది. వేసి వచ్చినా పచ్చే, అక్కర్లేదని వచ్చినా పచ్చే. దానికి ఆ రెండింటికీ రంగు ఒకటే. ఆ సంగతి దాంతో ఇచ్చిన పుస్తకంలో ఉంది, రెండేళ్ళ కింద చదివాను కూడా. చదివి మరిచిపోయాను.

ఒకటో మిషన్ తెరిచాను. ఒకటి ఉన్నచోట ఐదు పెద్దది కాబట్టి వేసింది. రెండు, మూడు, నాలుగు కూడా అంతే. ఎలక్ట్రీషియన్ కర్ర పెట్టి చూసింది సరిగ్గా వాటిలో మొదటి మూడింటికే. అతను చూసినవి ఆగాయి. అతను చూడనివాటికి పూచీ నా సంతకం.

ఇక్కడ ఒకటి చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తెర ముందు కూర్చున్న ఆ కాసేపట్లో నాకొక ఆలోచన వచ్చింది. పాత పేర్లు కొట్టేసి, ఐదును మళ్ళీ పంపితే రెండు నిమిషాల్లో అన్నీ సరైపోతాయి. పాత రికార్డు తుడిచేస్తే ఎవరికీ తెలియదు. పెదవి దాటితేనే కదా పృథివి దాటేది. నేను నోరు మూసుకుంటే అక్కకు తమ్ముడు మిగులుతాడు, నాకు ఉద్యోగం మిగులుతుంది. ఎలక్ట్రీషియన్‌కు ఒక చెయ్యి మిగలదు, అంతే. అంతే అనుకున్నాను, సిగ్గులేకుండా. మౌస్ మీద వేలు కూడా పెట్టాను.

కింద అతను అరిచాడు. బావ అరిచినట్టే అరిచాడు.

ఎలా దిగానో తెలియదు, చివరి నాలుగు మెట్లు దొర్లాను. ఇద్దరు అతని భుజాలు నొక్కిపెట్టారు, ఒకడు మెడ మీద మోకాలు ఆనించాడు. కుడిచెయ్యి మోచేతి దాకా దిమ్మె కింద ఉంది. బండోడి కాలు పెడల్ పైన గాలిలో ఉంది. ఇంకా తొక్కలేదు. నేను పరుగున వెళ్ళి వాడి నడుం పట్టుకుని వెనక్కి గుంజాను. ఇద్దరం నేల మీద పడ్డాం, వాడి మడమ పెడల్‌కు బెత్తెడు దూరంలో నేలకు తగిలింది.

"వదలండ్రా అతన్ని! తప్పు అతనిది కాదు! నాది!"

"ఏంటి?" అన్నాడు బండోడు.

"ఫైలు పేరు ముందు మిషన్ నంబరు వేశాన్రా. అదే వెర్షన్ అనుకుంది బంట్రోతు. కొత్త ప్రోగ్రాం వెయ్యకుండానే పచ్చ చూపించింది. నేను తెరిచి చూడకుండా సంతకం పెట్టా."

"పేరేంటి, నంబరేంటి? పిచ్చిగాని పట్టిందా నీకు?"

"ఒరేయ్ బండోడా, మీ అన్న చెయ్యి తీసింది నేనురా!"

ఆ మాట వాడికి అర్థమైంది. అర్థమైనట్టు వాడి ముఖంలో కనబడిన మరుక్షణం నా ముక్కు పగిలింది. రెండో దెబ్బ పక్కటెముకల మీద పడింది, లోపల ఏదో పుటుక్కుమంది. వాడు నా ఛాతీ మీద కూర్చుని రెండు చేతులా గుద్దుతూ ఏడుస్తున్నాడు. "ఇంట్లో మనిషివి కదరా! ఇంట్లో మనిషివి!" ఎలక్ట్రీషియన్ని నొక్కిపెట్టినవాళ్ళు కూడా అతన్ని వదిలేసి వచ్చి నన్ను కాళ్ళతో తగులుకున్నారు. ఇందాక అతన్ని తన్నిన కాళ్ళే. కొట్టండి అనే అనుకున్నాను. కొడుతుంటే ఒక రకంగా హాయిగా కూడా ఉంది.

ఆ దెబ్బల మధ్యలో, అటువరస దడదడ చెవిలో పడింది.

ఒకటి నుంచి నాలుగు దాకా పడ్డాయి. ఐదుకు? ఐదు ఉన్నచోట ఐదెందుకు? వేసి ఉండదు. ఆరుకు, ఏడుకు అసలే వెయ్యదు. ఆ మూడూ ఇప్పుడు నడుస్తున్నాయి.

"ఐదు!" అని అరిచాను. నోట్లో రక్తం అడ్డుపడింది. "ఐదూ ఆరూ ఏడూ! వాటిక్కూడా గార్డు లేదు! ఆపండి!"

బండోడికి వినబడలేదు. వినబడినా వాడు ఆగేవాడు కాదు. విన్నది ఒక్క ఎలక్ట్రీషియన్. అతను జేబులోంచి కత్తెర తీసి కాళ్ళ పట్టీ కోసుకున్నాడు. స్పానర్ దెబ్బ తిన్న మోకాలితో, కుంటుతూ, రేకుల కట్టల సందులోంచి అటువరసకు పరిగెత్తాడు. నన్ను కొడుతున్నవాళ్ళలో ఇద్దరు అతను పారిపోతున్నాడనుకుని వెంటపడ్డారు. నా మీదున్న బండోడు కూడా లేచాడు. నేను పాక్కుంటూ వెళ్ళి కట్టల పక్కనుంచి చూశాను.

ఐదో ప్రెస్ మనిషి గొడవ చూడ్డానికి ఎప్పుడో వచ్చేశాడు. ఏడో ప్రెస్ మీదున్నతను ఎలక్ట్రీషియన్ని చూసి పెడల్ మీంచి కాలు తీసేశాడు. ఆరో ప్రెస్ మీద మేమంతా తాత అని పిలిచే పెద్దాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఈ మోత విని విని చెవులు పోయినవాడు. ఎవరు అరిచినా తిరగడు. ఆయన రేకు కొంచెం వంకరగా పడింది. కాలు పెడల్ మీద ఉండగానే, అలవాటుగా, చెయ్యి లోపలికి పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది.

కరెంటు ఆపినా లాభం లేదు. దిమ్మెను ఆడించే బరువు చక్రం తిరిగే ఊపుకు ఇంకో దెబ్బ పడే తీరుతుంది. అది ఎలక్ట్రీషియన్‌కు తెలుసు కాబట్టి స్విచ్ బోర్డు వైపు చూడనైనా చూడలేదు. తాతను వెనకనుంచి నడుం చుట్టూ పట్టుకుని, తన ఒళ్ళంతా వెనక్కి వదిలేశాడు. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. దిమ్మె దిగింది. తాత చేతి తొడుగు మాత్రం లోపల ఉండిపోయింది. రేకు మీద ఐదు వేళ్ళూ పరుచుకుని, పైన 6 అని రాసి ఉంది.

తాత లేచి, ఏం జరిగిందో తెలియక, ముందు ఎలక్ట్రీషియన్ని కొట్టబోయాడు. తర్వాత తొడుగు చూశాడు. తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. కింద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెంటపడి వచ్చిన ఇద్దరూ బొమ్మల్లా నిలబడ్డారు. బండోడు వెనక్కి రెండడుగులు వేసి, గోడకు జారగిలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఎలక్ట్రీషియన్ అప్పుడు ప్రెస్ మోటార్ల మెయిన్ ఆపాడు; పెట్టెలకూ పై గదికీ కరెంటు లైను వేరే. షెడ్డు మొత్తం మూగబోయింది. కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. చెంప పగిలేలా ఒక్కటి కొట్టాడు. ఆ మనిషి చేతిలో అంత బలం ఉందని నాకు తెలియదు.

"ఇది నీ కాగితానికి," అన్నాడు. మాట సరిగ్గా రావడం లేదు, గాలి పోతోంది. "నా పళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం. నడు పైకి. నువ్వు చేస్తుంటే నేను చూస్తా."

"అన్నా, నన్ను..."

"అన్నా లేదు, తొక్కా లేదు. నడు."

పైకి వెళ్ళాం. అతను నా వెనకే, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో మిషన్‌లో నంబరుతో మొదలైన పాత పేరు కొట్టేశాను. ఐదు నుంచి పద్నాలుగు దాకా, పది మిషన్లు. మళ్ళీ పంపాను. పచ్చ గుర్తులు వచ్చాయి.

"పచ్చ సంగతి వదిలెయ్," అన్నాడు. "తెరువు."

ఒక్కొక్కటీ తెరిచి చూపించాను. ఉన్న వెర్షన్ 5. ఉన్న వెర్షన్ 5. పదిసార్లు చూశాడు. కాగితం తియ్యమనలేదు, సంతకమూ అడగలేదు. "కిందికి నడు, కర్ర పట్టుకో" అన్నాడు. ఇటువరసకు మాత్రం కరెంటు ఇచ్చాడు.

ఎనిమిది ఆగింది. తొమ్మిది, పది, పదకొండు ఆగాయి. నేను కర్ర లోపల పెడతాను, అతను పెడల్ తొక్కుతాడు, దిమ్మె నడిమధ్యలో ఝల్లుమని నిలబడిపోతుంది. పన్నెండు దగ్గరికి వచ్చేసరికి రక్తం ఇంకా తుడవలేదు. కర్ర పెట్టాను. ఆగింది. అంత మాత్రం ఆ రోజు పొద్దున ఆగి ఉంటే! నా ఏడుపు నాకే అసహ్యంగా వినబడింది.

అప్పుడు అక్క వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకు ఒక జత చెప్పులు కావు, ఒకటి తనది, ఒకటి బావది. గేటు దగ్గరే ఎవరో అంతా చెప్పేశారని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

"మణికట్టు దాకా తీసేస్తున్నారు," అంది. నాతో కాదు, బండోడితో.

తర్వాత ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళి అతని నోరు చూసింది. "ఎవరు కొట్టారన్నా?"

అతను తల తిప్పుకుని పెడల్ వైపు చూశాడు. "పడ్డానమ్మా," అన్నాడు.

"నేనే కొట్టాను అక్కా," అన్నాను. "మొదట కొట్టింది నేనే."

అక్క నావైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. చెంప ముందుకు పెట్టాను కూడా. చిన్నప్పుడు నన్ను ఎంత కొట్టినా, కొట్టాక దగ్గరికి తీసుకునేది. ఆ ఆశ ఇంకా ఉన్నట్టుంది నాకు.

"చూసి సంతకం పెట్టావా, చూడకుండా పెట్టావా? ఒక్క మాట చెప్పు."

"చూడకుండా అక్కా."

"ఆయన థియేటర్లోకి వెళ్ళేముందు ఏమన్నారో తెలుసా? వాడు పైనున్నాడు కదా, మనకేం భయం లేదనే చెయ్యి పెట్టాను, ఆ మిషన్‌కేమైందో వాణ్ణే చూడమను, వాడికి తెలుస్తుంది అన్నారు."

తల దించుకుని పన్నెండో ప్రెస్ కింది రక్తం చూశాను.

"మళ్ళీ మా గుమ్మం తొక్కకు," అంది అక్క. గొంతు పెంచలేదు. "ఆయన ఎడంచేత్తో తలుపు తీసి, ఆయనంతట ఆయన నిన్ను రమ్మంటే అప్పుడు రా. అనకపోతే రాకు. నేను చచ్చినా రాకు."

బండోడి భుజం పట్టుకుని లేపింది. వాడంత మనిషి ఆమె మీద వాలి నడిచాడు. వాళ్ళు గేటు దాటేదాకా నేను అలాగే చూస్తున్నాను. గేటు దాటాక కూడా ఆమె వెనక్కి తిరగలేదు.

"ఇటు పదమూడు, పద్నాలుగు ఉన్నాయి," అన్నాడు ఎలక్ట్రీషియన్. "అటు ఐదూ ఆరూ ఏడూ. పట్టుకో."

కర్ర తీసుకున్నాను. కుడిచేత్తోనే తీసుకున్నాను. పదమూడో ప్రెస్ లోపలికి, దిమ్మె కిందికి పెట్టి, అతను పెడల్ తొక్కేదాకా ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాను.